డ్రాఫ్ట్‌లో పేరు రాని కుర్రాడికి ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లో చోటు దొరుకుతుందా? రెండు టీమ్‌లు పిలిస్తే దేనికి వెళ్లాలి?

ముందు ప్రశ్న ఏంటో క్లుప్తంగా చెప్తాను, పూర్తిగా చదవని వాళ్ల కోసం. డాలస్ దగ్గర డేటా సైన్స్‌లో ఎంఎస్ చేస్తున్న తమ్ముడు అడిగాడు. రూమ్మేట్ అమెరికన్ కుర్రాడు, ఒక చిన్న కాలేజీకి వైడ్ రిసీవర్‌గా (విసిరిన బంతిని పరిగెత్తి పట్టుకునేవాడు) ఆడాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్) టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ వచ్చే వారమే. ఏడు రౌండ్లలో నీ పేరు రాకపోవచ్చని ఏజెంట్ ముందే చెప్పేశాడు, కానీ రెండు టీమ్‌లు మాత్రం డ్రాఫ్ట్ అవ్వగానే ఫోన్ చేస్తామన్నాయట. ఒకటి 25 వేల డాలర్ల బోనస్ అంటోంది, రెండోది 5 వేలు. "నువ్వు డేటా చదువుతున్నావు కదా, ఒక ఎక్సెల్ షీట్ వేసి పెట్టు" అని ఆ కుర్రాడు అడిగితే మన తమ్ముడు ఇక్కడికొచ్చాడు. అసలు ఛాన్స్ ఉందా, ఉంటే ఏ టీమ్?

సూటిగా చెప్పాలంటే ఛాన్స్ ఉంది, చిన్నదే. ఆ 5 వేల టీమ్‌లో రిసీవర్లు తక్కువగా ఉంటే కళ్లు మూసుకుని అక్కడికే వెళ్లమను. నీ షీట్‌లో మొదటి కాలమ్ బోనస్ అని పెట్టి ఉంటావు, దాన్ని తీసుకెళ్లి చివర్లో పెట్టు.

నేనెవరో కూడా చెప్పాలి. నాది గుంటూరు, ఫిజియోథెరపీ చదివి అమెరికా వచ్చాను. పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఒక ట్రైనింగ్ సెంటర్‌లో పని. ప్రతి జనవరి నుంచి మార్చి దాకా చిన్న కాలేజీల కుర్రాళ్లు ప్రో డే (టీమ్‌ల వాళ్ల ముందు తమ సత్తా చూపించే రోజు) కోసం మా దగ్గర తయారవుతారు. నేను కోచ్‌ని కాదు, ఏజెంట్‌ని అంతకన్నా కాదు, వాళ్ల తొడ కండరాలు చూసుకునేవాణ్ణి. కాకపోతే బల్ల మీద బోర్లా పడుకుని కాలు నొక్కించుకునేటప్పుడు మనుషులు చాలా చెప్తారు. కింద రాసేదంతా అలా విన్నదీ, కళ్లారా చూసిందీ.

ముందు లెక్క చూడు. వేసవిలో ఒక్కో టీమ్ 90 మందిని పెట్టుకోవచ్చు, సీజన్ మొదలయ్యేసరికి 53 మందే ఉండాలి. 32 టీమ్‌లు కలిపితే 2,880 నుంచి 1,696కి రావాలన్నమాట, అంటే 1,184 మంది బయటికి. అందులో ఎక్కువమందికి ఆఖరి ఒకటి రెండు రోజుల్లోనే ఆ మాట తెలుస్తుంది. 2025 సీజన్‌లో గడువు ఆగస్టు 26, ఈస్టర్న్ టైమ్ సాయంత్రం 4 గంటలు. డ్రాఫ్ట్‌లో తీసుకున్నది 257 మందిని, ఆ తర్వాత ఒక్కో టీమ్ పది నుంచి ఇరవై మంది దాకా అన్‌డ్రాఫ్టెడ్ కుర్రాళ్లని పోగేసుకుంటుంది. వాళ్లలో 53లోకి వచ్చేది మామూలుగా ఒకరో ఇద్దరో, కొన్ని టీమ్‌లలో ఒక్కడు కూడా ఉండడు. ఇది చెప్పి భయపెట్టమని కాదు గానీ, కర్ట్ వార్నర్ కిరాణా షాపులో సరుకులు సర్దుతూ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా వెళ్లిన కథ చెప్పి ఊరించకు కూడా. నిజమే, 1994లో అతన్ని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, 1999 సీజన్‌కి ఎంవీపీ (లీగ్‌లో మేటి ఆటగాడు) అయ్యాడు. అలాంటిది తరానికొకటి జరుగుతుంది.

అయితే 53 ఒక్కటే గమ్యం అనుకోవద్దు. దాని కింద 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంది. మీ వాడు నిజంగా గురి పెట్టాల్సింది అక్కడ. వాళ్లు వారమంతా టీమ్‌తోనే ప్రాక్టీస్ చేస్తారు, ఆదివారం మ్యాచ్‌లో మాత్రం మామూలుగా ఆడరు. ఎవరికైనా దెబ్బ తగిలితే వీళ్లలో ఇద్దరిని ఆ మ్యాచ్‌కి పైకి తీసుకోవచ్చు, ఒక్కొక్కరిని సీజన్‌లో మూడుసార్ల దాకా. 2025లో ప్రాక్టీస్ స్క్వాడ్ రూకీకి (మొదటి ఏడాది ఆటగాడికి) వారానికి 13 వేల డాలర్లు, 18 వారాలూ ఉంటే 2,34,000. అదే 53లో ఉంటే రూకీ కనీస జీతం 8,40,000, వారానికి దాదాపు 46 వేల 700. ఇంకో మంచి విషయం, ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్నవాణ్ణి వేరే టీమ్ తన 53లోకి ఎప్పుడైనా పట్టుకుపోవచ్చు, పట్టుకుపోతే మూడు వారాల జీతం ఇచ్చి తీరాలి.

ఏడో రౌండ్‌లో పేరు రావడం కన్నా అసలు రాకపోవడమే కొందరికి మేలు. ఇది వినగానే మీ వాడు నవ్వుతాడు, నవ్వనీ. డ్రాఫ్ట్ అయితే ఏ టీమ్ పిలిస్తే అక్కడికే పోవాలి, ఇష్టాయిష్టాలు లేవు. మన ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తు తెచ్చుకో. ఆఖరి విడతలో ఎక్కడో మారుమూల కాలేజీలో ఇష్టం లేని బ్రాంచ్ రావడం ఒకటి, స్పాట్ అడ్మిషన్ రోజు నేరుగా నచ్చిన కాలేజీకి వెళ్లి "సీటుందా?" అని అడగడం ఇంకొకటి. అన్‌డ్రాఫ్టెడ్ కుర్రాడిది ఆ రెండోది. ఎంచుకునే హక్కు అతని చేతిలో ఉండేది ఈ ఒక్క గంటే, దాన్ని 20 వేల డాలర్ల తేడాకి అమ్ముకోవద్దనే నేననేది. ఇంకో వైపు కూడా చెప్పాలి కదా, ఏడో రౌండ్ వాడికి బోనస్ ఎక్కువ, టీమ్‌కి ఓపిక కూడా కాస్త ఎక్కువ, ఎందుకంటే వాణ్ణి వెతికి తీసుకోమని చెప్పిన టీమ్ స్కౌట్‌కి అది పరువు సమస్య. మీ వాడి కోసం పరువు పెట్టినవాళ్లు ఎవరూ ఉండరు. (శాన్ ఫ్రాన్సిస్కో టీమ్‌కి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీని చాలామంది అన్‌డ్రాఫ్టెడ్ అనుకుంటారు. కాదు, 2022లో 262వ పిక్, ఆ ఏడాది డ్రాఫ్ట్ మొత్తంలో ఆఖరివాడు.)

ఇక షీట్‌లో ఏం పెట్టాలి. రిసీవర్లని ఒక టీమ్ మామూలుగా ఐదుగురినో ఆరుగురినో ఉంచుకుంటుంది. ముందు సీటు ఖాయమైనవాళ్లని లెక్కపెట్టు, అంటే పెద్ద కాంట్రాక్టు ఉన్నవాళ్లు, గత రెండు మూడేళ్లలో మొదటి మూడు రౌండ్లలో తీసుకున్నవాళ్లు. వాళ్లని తీసేస్తే మిగిలేది ఒక సీటా, రెండా? ఆ సీటు కోసం ఎంతమంది కొట్టుకుంటున్నారు? పోయిన ఏడాది అదే టీమ్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్న రిసీవర్లని కూడా ఇందులో కలపాలి, ఇది చాలామంది మర్చిపోతారు. వాళ్లకి ప్లేబుక్ (టీమ్ ఆట ఎత్తుగడల పుస్తకం) వచ్చు, కోచ్‌లకి వాళ్ల మొహాలు అలవాటు. ఇద్దరూ సమానంగా ఆడితే తెలిసినవాణ్ణే ఉంచుకుంటారు. ఈ లెక్క డ్రాఫ్ట్ ముగిసే శనివారం సాయంత్రం దాకా మారుతూనే ఉంటుంది, శుక్రవారం రాత్రి ఆ టీమ్ మూడో రౌండ్‌లో ఒక రిసీవర్‌ని తీసుకుందంటే నీ షీట్‌లో ఆ వరుస సగం చచ్చినట్టే.

రెండు మూడేళ్ల కిందట మా దగ్గర తయారైన ఒక కుర్రాడు సరిగ్గా ఇలాంటి చోటే పడ్డాడు. 20 వేలు ఒకరిస్తామన్నారు, 3 వేలు ఇంకొకరు. 20 వేలు ఇచ్చిన టీమ్ అదే డ్రాఫ్ట్‌లో ఇద్దరు రిసీవర్లని తీసుకుని కూర్చుంది. వేసవి క్యాంప్‌లో మా వాడికి రోజుకి నాలుగైదు ప్లేలు, అంటే ఆడే అవకాశాలు, దక్కేవి, అవి కూడా ప్రాక్టీసు చివర్లో, అందరూ అలిసిపోయి బంతి విసిరేవాడు కూడా మూడో నంబర్ క్వార్టర్‌బ్యాక్ అయినప్పుడు. బంతి వీడి వైపు రావాలి, అది సరిగ్గా రావాలి, ఆ సమయానికి కోచ్ ఇటు చూస్తుండాలి. ఆఖరి కోత దాకా కూడా ఉంచలేదు. పన్నులు పోగా మిగిలినదాంతో ఒక పాత పికప్ ట్రక్కు కొనుక్కున్నాడు. ఇప్పటికీ ఆ ట్రక్కులోనే మా సెంటర్‌కి వస్తాడు, హైస్కూల్ పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాడు.

డబ్బు సంగతి చూడక తప్పదంటే బోనస్ కాదు, గ్యారంటీ ఎంతో అడగమను. అన్‌డ్రాఫ్టెడ్ వాళ్లకిచ్చే సంతకం బోనస్‌ల మీద ఒక్కో టీమ్‌కి మొత్తంగా ఒక పరిమితి ఉంది, అందుకని నిజంగా కావాలనుకున్నవాడికి టీమ్‌లు జీతంలో కొంత భాగాన్ని గ్యారంటీ చేస్తాయి. లక్ష, రెండు లక్షల డాలర్ల గ్యారంటీ వస్తోందంటే దాని అర్థం, పైన చెప్పిన ప్రాక్టీస్ స్క్వాడ్ ఏడాది జీతం గుర్తుందిగా, దాదాపు ఆ సీటు ముందే రిజర్వ్ చేసినట్టు. 25 వేల బోనస్, గ్యారంటీ సున్నా అంటే క్యాంప్‌లో పరిగెత్తడానికి కాళ్లు కావాలని అర్థం. ఒక టీమ్ 90 మందితో ప్రాక్టీసు నడపాలి, అసలు స్టార్లని ఎండలో అరగదీయలేరు కదా. ఇది వినడానికి కటువుగా ఉంటుంది కానీ ఆగస్టులో తెలుసుకోవడం కన్నా ఇప్పుడు తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం. ఫోన్ చేసింది ఎవరు? రిసీవర్ల కోచా, స్పెషల్ టీమ్స్ (బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే బృందాలు) కోచా? ఐదో రిసీవర్, ఆరో రిసీవర్ టీమ్‌లో ఉండేది క్యాచ్‌లు పట్టడానికి కాదు. పంట్ కొట్టినప్పుడు, అంటే బంతిని అవతలి టీమ్ వైపు దూరంగా తన్నినప్పుడు, మైదానం అంచు నుంచి అందరికన్నా ముందు పరిగెత్తి, ఆ బంతి పట్టుకుని ఎదురొచ్చే రిటర్నర్‌ని పడగొట్టేవాడు ఒకడుంటాడు, గన్నర్ అంటారు. మీ వాడు కాలేజీలో స్టార్ కాబట్టి ఈ పని ఎప్పుడూ చేసి ఉండడు, చిన్న కాలేజీ స్టార్లందరితో ఇదే తంటా. రిసీవర్ ఆడమ్ థీలెన్ సంగతి తీసుకో. 2013లో డ్రాఫ్ట్ కాలేదు సరే, కాంట్రాక్టు కూడా లేకుండా మిన్నెసోటా రూకీ క్యాంప్‌లో ట్రయౌట్‌కి, అంటే ఆడి చూపించడానికి, వెళ్లాడు. మొదటి ఏడాది ప్రాక్టీస్ స్క్వాడ్, ఆ తర్వాత రెండేళ్లు ఎక్కువగా స్పెషల్ టీమ్స్. 2017లో క్యాచ్‌లతో 1,276 గజాలు సంపాదించాడు. ఇంకో రిసీవర్ వెస్ వెల్కర్‌ని 2004లో చార్జర్స్ మొదటి మ్యాచ్ అవ్వగానే తీసేస్తే మయామీ తీసుకుంది, అక్కడ ముందు రిటర్నర్‌గా నిలబడ్డాడు. ఒక మ్యాచ్‌లో కిక్కర్‌కి దెబ్బ తగిలితే ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) కూడా తనే కొట్టాడు! మీ ఊళ్లోనే చూడు, కేవాంటే టర్పిన్ ఫోర్ట్‌వర్త్ కాలేజీలో ఆడి, డ్రాఫ్ట్ కాక, 2022లో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే చిన్న లీగ్‌లో ఎంవీపీ అయి, అదే ఏడాది డాలస్ కౌబాయ్స్‌లో రిటర్నర్‌గా చేరి ప్రో బౌల్‌కి (లీగ్ మేటి ఆటగాళ్ల పోటీకి) వెళ్లాడు.

ఈ దారి ఈమధ్య కాస్త వెడల్పయింది కూడా. 2024లో కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను) రూల్ మార్చారు, 2025లో టచ్‌బ్యాక్ అయితే, అంటే తన్నిన బంతిని ఎవరూ పట్టుకుని పరిగెత్తకపోతే, బంతిని 35 గజాల గీత దగ్గర పెట్టడం మొదలుపెట్టారు. దాంతో బంతిని ఊరికే వెనక గీత దాటేలా తన్నేసే అలవాటు తగ్గి రిటర్న్‌లు బాగా పెరిగాయి. అంటే పట్టుకుని పరిగెత్తేవాడికీ, వాణ్ణి ఆపేవాడికీ పని పెరిగింది. షీట్‌లో ఒక కాలమ్ దీనికే కేటాయించు, పోయిన ఏడాది గన్నర్లుగా, రిటర్నర్లుగా ఆడినవాళ్లలో ఆ టీమ్ వదిలి వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది అని.

ఒక కుర్రాడికి ఈ గన్నర్ పని ఎంత బాగా ఎక్కిందంటే, ఏప్రిల్‌లో రోజూ సాయంత్రం మా సెంటర్ వెనక గడ్డి మీదికి నన్నూ ఇంకో ట్రైనర్‌నీ లాక్కెళ్లేవాడు. మా ఇద్దరి చేతుల్లో ఫోమ్ ప్యాడ్‌లు, వాణ్ణి గీత దాటనివ్వకుండా ఆపాలి. నేను 68 కేజీలు, వాడు 92. మొదటి రోజు నేను ప్యాడ్‌తో సహా వెల్లకిలా పడ్డాను, కళ్లజోడు ఎక్కడో పడింది. మూడో వారానికి నాకు కాస్త కిటుకు తెలిసింది, వాడి తుంటి ఎటు తిరుగుతుందో చూడాలి, భుజాలు అబద్ధం చెప్తాయి. వాడు మాత్రం ప్రతి పరుగు తర్వాత ఫోన్‌లో వీడియో చూసుకుని, మొదటి అడుగు ఎక్కడ పడిందో పుస్తకంలో రాసుకునేవాడు. ఆగస్టులో 53లోకి రాలేదు. మర్నాడు ప్రాక్టీస్ స్క్వాడ్‌కి పిలిచారు, అక్టోబర్‌లో ఒక మ్యాచ్‌కి పైకి తీసుకున్నారు. ఆ మ్యాచ్‌లో పంట్ కొట్టినప్పుడు రిటర్నర్‌ని పడగొట్టిన ఒక్క ట్యాకిల్. ఆ క్లిప్ నా ఫోన్‌లో ఇంకా ఉంది, ఎవరైనా కాఫీకి వస్తే చూపిస్తా.

ఇక నా సొంత సబ్జెక్టు, హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం. మార్చిలో ప్రో డేకి వీళ్లంతా 40 గజాల పరుగుకి తయారవుతారు, అంటే సూటిగా, ఒక్కసారి, పూర్తి విశ్రాంతి తర్వాత. మేలో రూకీ క్యాంప్‌కి వెళ్తే పరిగెత్తి, టక్కున ఆగి, పక్కకి తిరిగి, ముప్పై సెకన్లలో మళ్లీ పరిగెత్తాలి. శరీరం దానికి తయారుగా ఉండదు. ఆగడం నేర్పని కండరం ఆగేటప్పుడే చిరుగుతుంది. మధ్యలో ఉండే ఆరేడు వారాలు కుర్రాళ్లు పార్టీలకీ, ఏజెంట్ల మీటింగులకీ, టెన్షన్ పడడానికీ ఖర్చు పెడతారు. మీ వాణ్ణి ఈ రోజు నుంచే వేగం తగ్గించే డ్రిల్స్, వరుస పరుగులు చేయమను, 40 గజాల టైమింగ్ ఇంక ఎవరికీ అక్కర్లేదు. దెబ్బతో ఐస్ టబ్‌లో కూర్చున్నవాడు టీమ్‌లోకి రాలేడని ఇక్కడి కోచ్‌లు తరచూ అంటుంటారు, అన్‌డ్రాఫ్టెడ్ కుర్రాడి విషయంలో అది అక్షరాలా నిజం. వారం రోజులు పక్కన కూర్చుంటే ఆ లాకర్‌లో ఇంకొకడి పేరుంటుంది.

అలాగని నొప్పి దాచిపెట్టమని కాదు. ఇది జాగ్రత్తగా చదివి అతనికి చెప్పు. దెబ్బతో ఉన్న ఆటగాణ్ణి తీసేయాలంటే టీమ్ ఆ సంగతి నమోదు చేసే తీసేయాలి. ఇంకో టీమ్ తీసుకోకపోతే అతను పాత టీమ్ గాయాల జాబితాలోకి వస్తాడు, లేదా ఇన్ని వారాల జీతం అని ఒప్పందం చేసుకుని వదిలేస్తారు. దాచిపెట్టి, తీసేసిన రోజు చేసే వైద్య పరీక్షలో "నేను బాగానే ఉన్నా" అని సంతకం పెడితే మాత్రం ఆ డబ్బు రాబట్టుకోవడం గగనం. మా దగ్గర తయారైన లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) ఒకడు సరిగ్గా అదే చేశాడు. పొద్దున టిఫిన్ లైన్‌లో ప్లేట్‌లో గుడ్లు వేయించుకుంటుంటే వెనక నుంచి ఒకతను భుజం తట్టి "కోచ్ పిలుస్తున్నారు, ఐప్యాడ్ కూడా తీసుకురా" అన్నాడట. ఐప్యాడ్ అంటే ప్లేబుక్, తీసుకురా అంటే ఇంక అయిపోయిందని. ఆ కంగారులో డాక్టర్ ఏమడిగాడో, తను దేని మీద సంతకం పెట్టాడో గుర్తే లేదన్నాడు, ప్లేట్ ఎక్కడ పెట్టాడో మాత్రం గుర్తుందట. వారం తర్వాత మా దగ్గర స్కాన్ తీయిస్తే తొడ వెనక రెండు సెంటీమీటర్ల చిరుగు. కాబట్టి క్యాంప్‌లో ప్రతి నొప్పినీ తేదీతో సహా ఫోన్‌లో రాసుకోమను, ట్రైనర్‌కి చెప్పినప్పుడల్లా చెప్పినట్టు కూడా. పరీక్షకి వెళ్లే ముందు ఏజెంట్‌కి ఫోన్ చేయమను, సంతకం ఆ తర్వాతే.

చిన్న చిన్నవి రెండు. క్యాంప్‌లో వచ్చేది వారానికి చిన్న అలవెన్సే, అసలు జీతం సెప్టెంబర్‌లో సీజన్ మొదలయ్యాకే, అందుకని ఇప్పుడు కారు కొనొద్దు, ఏడాది లీజు రాయొద్దు. నీ రూమ్‌లో అతని మంచం ఆగస్టు దాకా అలాగే ఉంచగలిగితే ఉంచు, అదే పెద్ద సాయం. ఇంకోటి, తీసేసినంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు. కెనడాలో సీఎఫ్‌ఎల్ అనే లీగ్ ఉంది, ఇక్కడ వసంతంలో యూఎఫ్‌ఎల్ ఉంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి నచ్చే ఉదాహరణ బ్రాండన్ ఆబ్రే. సాకర్ ఆడి, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, తర్వాత చిన్న లీగ్‌లో కిక్కర్ అయి, 2023లో 28 ఏళ్ల వయసులో కౌబాయ్స్ రూకీ అయ్యాడు. మొదటి 35 ఫీల్డ్ గోల్స్ వరసగా కొట్టాడు. కిక్కర్ల సంగతి వేరులే, వాళ్ల హ్యామ్‌స్ట్రింగ్‌లు నా దాకా రావు.

శనివారం ఆరో రౌండ్ నుంచే ఫోన్లు మోగడం మొదలవుతుంది, ఏడో రౌండ్ అయ్యాక గంట గంటన్నరలో అంతా ముగిసిపోతుంది. అవతలివాడు "పది నిమిషాల్లో చెప్పు, లేకపోతే ఇంకొకడికి ఇచ్చేస్తాం" అంటాడు, నిజంగానే ఇచ్చేస్తాడు. ఆ పది నిమిషాల్లో ఎక్సెల్ తెరిచి ఆలోచించే టైమ్ ఉండదు కాబట్టి శుక్రవారం రాత్రికే ఒకటి రెండు మూడు అని వరస రాసి పెట్టుకోండి, నాలుగో టీమ్ కూడా రాయండి, అస్సలు అనుకోని చోటి నుంచి పిలుపు రావడం మామూలే. షీట్ అయ్యాక టీమ్ పేర్లు తీసేసి ఇక్కడ కింద పెట్టు తమ్ముడూ, గురువారం నాకు డ్యూటీ లేదు, చూసి చెప్తాను.